రామచంద్రన్ గారి పేరు ఒక్క లైనైనా వేయాల్సింది

సంపాదకులు గారికి,

ప్రోటీన్ల గురించి మీ సైన్స్ పేజీలో వేసిన వ్యాసం చదివాను. రాసిన తీరు బాగుంది. కానీ అది చదివితే 2020లో ఆల్ఫాఫోల్డ్2 అనే ఏఐ వచ్చి ప్రోటీన్ల ఆకారాలన్నీ గబగబా చెప్పేసింది, 2024లో దాన్ని తయారుచేసిన హసాబిస్, జంపర్‌లకు కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చేశారు, కథ అయిపోయింది అన్నట్టు ఉంది. (అదే బహుమతిలో సగం కొత్త ప్రోటీన్లు తయారుచేసిన డేవిడ్ బేకర్‌ది, ఆయన్నీ వదిలేశారు.) అసలు ఆ ఏఐ ఎక్కడ నేర్చుకుంది సార్? ఎక్స్-రేలతో, ఇంకా రకరకాల పద్ధతులతో ఏళ్ల తరబడి తంటాలు పడి తేల్చి, 1971 నుంచి ప్రోటీన్ డేటా బ్యాంకులో పోగేసిన లక్షన్నరకు పైగా ప్రోటీన్ ఆకారాల దగ్గర.

నాకు ఎక్కువ బాధేసింది మాత్రం రామచంద్రన్ గారి పేరు లేకపోవడం. 1963లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి వేసిన లెక్క చాలా తేలికైంది. షేర్ ఆటోలో ఎనిమిది మందిని కుక్కితే మోచెయ్యి ఎటుపడితే అటు తిప్పలేం కదా, ప్రోటీన్ గొలుసులో పరమాణువుల పరిస్థితీ అంతే. గొలుసులో పూస లాంటి ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర అది తిరిగే కోణాలు రెండు, ఫై, సై. ఆ రెంటినీ గ్రాఫ్ మీద పెట్టి, ఎక్కడెక్కడ పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో చూస్తే ఎక్కువ భాగం కొట్టేయాల్సిందే, గొలుసు నిజంగా తిరగగలిగే చోట్లుగా మిగిలేవి కొన్ని ముక్కలే. అమైనో ఆమ్లాల్లో గ్లైసిన్ ఒక్కటి ఆటోలో ఎక్కిన చంటిపిల్లాడి లాంటిది, దాని పక్కకొమ్మ ఒక్క హైడ్రోజనే కాబట్టి ఎటైనా కాస్త సర్దుకుంటుంది. ఈ రోజుకీ ఎవరైనా కొత్త ఆకారం తేల్చామని పంపితే ఆ గ్రాఫ్ మీద పెట్టి తప్పులు వెతుకుతారు.

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకు చెబుతాను. ఈ గ్రాఫ్ బోర్డు మీద గీస్తే ఒకమ్మాయి "కోణాలెందుకు సార్, లెక్కలు వదిలేసే కదా ఇటొచ్చాం" అంది. పక్క క్లాసులో ఎంపీసీ వాళ్లకు కోణాలు బాగా వచ్చు, ప్రోటీన్ అంటే మాత్రం గుడ్డు, పప్పు అంటారు. ఎవరినని ఏం లాభం, పదో తరగతి అవగానే మధ్యలో గోడ కట్టింది మనమే.

వచ్చే వారం ఆ గ్రాఫ్ అర పేజీలో వేయండి, నలుపు తెలుపులో అయినా పర్లేదు. క్లాసులో గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్, ఖమ్మం