నిలువు తెరల మీద తెగిపోతున్న వత్తులు

సంపాదకులకు,

ఆస్పత్రుల ఓపీ హాళ్లలో, బస్టాండ్లలో నిలువుగా బిగించిన తెరల వెనక నడిచేది చాలాచోట్ల మామూలు వెబ్ పేజీయే. దాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో రెండడుగుల దూరం నుంచి చూసి సరేననేస్తారు. పది అడుగుల అవతల బెంచీ మీద కూర్చున్న రోగికి ఏం కనబడుతుందో పట్టించుకోరు.

43 అంగుళాల తెరను నిలబెడితే దాని వెడల్పు 21 అంగుళాలే. అందులో 1080 పిక్సెళ్లు, అంటే అంగుళానికి సుమారు 51. పది అడుగుల నుంచి ఇబ్బంది లేకుండా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలి. తెలుగు ఫాంట్లలో గుణింతాలకూ వత్తులకూ చోటు పోగా అక్షరానికి మిగిలేది సైజులో దాదాపు సగమే కాబట్టి, ఫాంట్ సైజు 100 పిక్సెళ్లకు తగ్గకూడదు. అప్పుడు వరసకు పదమూడు అక్షరాలు పడితే గొప్ప. టోకెన్, గది, డాక్టర్, విభాగం అంటూ నాలుగు గళ్ల పట్టిక ఇక ఇమడదు. పైన టోకెన్, గది నంబర్లు, వాటి కింద విభాగం పేరు పెట్టాలి. ఒక్కో టోకెన్‌కు 350 పిక్సెళ్ల ఎత్తు ఇస్తే తెరకు ఐదు పడతాయి. మిగతావి పది సెకన్లకోసారి మారుతూ రావాలి గానీ పరుగెత్తే స్క్రోలింగ్ వద్దు.

ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో చేసిన పేజీలో లైన్ హైట్ (ఫాంట్ సైజుకు వరస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పేది) 1.1 ఉంటుంది, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే గడి దాటిన భాగం కనబడదు. దాంతో కింది వత్తులు తెగి ‘చెవి, ముక్కు, గొంతు’ కాస్తా ‘చెవి, ముకు, గొంతు’ అవుతుంది, ‘రక్త పరీక్ష’లో రక్తం పోతుంది. తెలుగు వరసకు లైన్ హైట్ కనీసం 1.6 ఇవ్వాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైలును పేజీతో పాటే సర్వర్‌లో పెట్టాలి. లేకపోతే తెర వెనక పేజీని నడిపే, తెలుగు ఫాంట్ లేని చిన్న లైనక్స్ పెట్టెల్లో (ప్లేయర్లలో) అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. సైజు తగ్గిద్దామని ఫాంట్‌ను అడ్డదిడ్డంగా కత్తిరిస్తే వత్తులు కలిపే నియమాలు పోయి, పొల్లులు బయటపడతాయి.

తెరను తిప్పడం ప్లేయర్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే జరగాలి. పేజీని సీఎస్‌ఎస్‌తో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌తో) 90 డిగ్రీలు తిప్పితే బ్రౌజర్ ఇంకా తెర అడ్డంగానే ఉందని, వెడల్పు 1920 పిక్సెళ్లనే అనుకుంటుంది. వెడల్పు, ఎత్తు ఆధారంగా రాసిన కొలతలన్నీ తారుమారవుతాయి.

అన్నిటికన్నా ప్రమాదం నెట్ పోయినప్పుడు. అర నిమిషానికోసారి పేజీ మొత్తం రిఫ్రెష్ చేస్తే, సరిగ్గా అప్పుడే నెట్ లేకపోతే టోకెన్ల చోట ఎర్రర్ పేజీ వచ్చి కూర్చుంటుంది. డేటాను మాత్రమే తెచ్చుకుని, అది రాకపోతే పాతదాన్నే ఉంచాలి. కానీ ఆ డేటా ఎన్నింటికి వచ్చిందో పక్కనే చూపాలి. పైన గడియారం నడుస్తూ, కింద టోకెన్లు ఆగిపోతే జనం దాన్ని తాజాదే అనుకుంటారు. రెండు నిమిషాలు దాటితే నంబర్లు తీసేసి ‘కౌంటర్‌లో అడగండి’ అని చూపడమే న్యాయం.

అధికారులకు మా విన్నపం: టెండరులో అంగుళాలతో పాటు ఇవి కూడా రాయండి. బిల్లు పాస్ చేసేముందు పది అడుగుల దూరాన నిలబడి విభాగాల పేర్లన్నీ చదవండి. తరవాత నెట్ కేబుల్ పీకి, అయిదు నిమిషాలు తెరను చూడండి.

— ఒక వెబ్ డిజైనర్, గుంటూరు