నీకు బాకీ ఉన్న నాలుగు రౌండ్లు

ప్రియమైన బుజ్జీ,

ఎలా ఉన్నావే? నీ వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. ఫోన్లో జవాబు చెప్పబుద్ధి కాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదువు. నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ముందు అక్కడి కబుర్లు చెప్తేగానీ ఆ మాట చెప్పడం నాకు చేతకాదు.

నేను వెళ్ళింది అమెరికా నౌకాదళ అకాడమీకి. మేరీలాండ్‌లో అనాపొలిస్ అనే ఊళ్ళో, సెవెర్న్ నది ఒడ్డున ఉంది. 1845లో పెట్టారట. పదకొండో తరగతి అయిన పిల్లల్ని జూన్‌లో ఆరు రోజులు లోపల ఉంచుకుని, అక్కడ బతుకు ఎలా ఉంటుందో చూపిస్తారు. సమ్మర్ సెమినార్ అంటారు దాన్ని. తర్వాత చేరాలా వద్దా అన్నది మనిష్టం. చేరితే నాలుగేళ్ళ చదువుకి ఫీజు లేదు, కానీ పట్టా వచ్చాక కనీసం అయిదేళ్ళు నౌకాదళంలోనో మెరీన్లలోనో పనిచెయ్యాలి. ఆ అయిదేళ్ళ మాట విన్నప్పట్నుంచీ అమ్మకి నిద్ర లేదు. 1976 నుంచి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారనీ, సునీతా విలియమ్స్ 1987లో ఇక్కడే డిగ్రీ పూర్తి చేశారనీ చెప్పాక కాస్త మెత్తబడింది.

నాలుగు సంవత్సరాల చదువులో ఉన్న విద్యార్థులందరూ కలిపి సుమారు 4,400 మంది. వాళ్ళందరూ ఉండేది ఒక్కటే భవనం, బాంక్రాఫ్ట్ హాల్. దాదాపు 1,700 గదులున్నాయి. నడవాలన్నీ కలిపి కొలిస్తే ఏడెనిమిది కిలోమీటర్లు వస్తాయట. మొదటి రోజు నా గది కనుక్కోవడానికే చెమటలు పట్టాయి. పైగా ఉన్నది నేల మీదైనా మాట్లాడేది ఓడ భాష. నేలని డెక్ అనాలి, మెట్లని ల్యాడర్ అనాలి, గోడని బల్క్‌హెడ్ అనాలి. రెండో రోజుకే నోటికి పట్టేశాయి.

కవాతు మాత్రం నన్ను ఏడిపించింది. మన ఎన్‌సీసీ అలవాటు ఎక్కడికి పోతుంది చెప్పు? “తేజ్ చల్” అని కవాతు ఆర్డరు ఇచ్చినట్టే అనిపించి చెయ్యి భుజం ఎత్తుకి లేచిపోయేది. ఇక్కడ చెయ్యి ముందుకి ఆరంగుళాలు, వెనక్కి మూడు, అంతే. మనం అరచెయ్యి ముందుకి కనబడేలా సెల్యూట్ కొట్టేవాళ్ళం కదా, వీళ్ళు కిందికి తిప్పి కొడతారు. అలా చూసినప్పుడల్లా నువ్వు గుర్తొచ్చావు. మన వరసలో అందరికన్నా తిన్నగా నిలబడేది నువ్వే.

మా స్క్వాడ్‌ని చూసుకున్నది అక్కడే చదువుతున్న ఒక అక్క. మనకంటే మూడేళ్ళు పెద్దదేమో. గొంతు పెంచితే నడవా చివరిదాకా వినబడుతుంది. కొత్తగా చేరినవాళ్ళని ప్లీబ్ అంటారు. ప్లీబ్‌ని పైవాళ్ళు ఏదైనా అడిగితే అయిదు జవాబుల్లో ఒకటే చెప్పాలట: యెస్ మేమ్, నో మేమ్, అయ్ అయ్ మేమ్, ఐ విల్ ఫైండ్ అవుట్ మేమ్, నో ఎక్స్‌క్యూజ్ మేమ్. యెస్‌కీ, అయ్ అయ్‌కీ తేడా ఉంది. యెస్ అంటే ప్రశ్నకి అవును అని. అయ్ అయ్ అంటే నాకు అర్థమైంది, చేసేస్తాను అని. ఆ తేడా నాకు భలే నచ్చింది. మొదటి నాలుగూ సులువే. అయిదోదే నా గొంతులో అడ్డం పడింది.

మూడో రోజు పొద్దున్న జరిగింది చెప్తాను. తెల్లారకముందే నీళ్ళ సీసాతో నడవాలో బల్క్‌హెడ్‌కి వీపు ఆనించి నిలబడాలి. నా సీసా ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. మంచం కింద వెతుకుతుంటే నా రూమ్మేట్ కూడా నాతోపాటు వెతికింది. ఇద్దరం ఒక నిమిషం ఆలస్యం అయ్యాం. ఆ అక్క నా ముందుకొచ్చి “ఎందుకు ఆలస్యం?” అంది. “మా రూమ్మేట్ షూ లేసులు...” అనేశాను. నిజంగానే ఆ పిల్ల బూటు లేసు ఊడి ఉంది. కానీ ఆలస్యం దానివల్ల కాదని నాకు తెలుసు. ఆలోచించి అన్న మాట కూడా కాదే, నోరు దానంతటదే తిరిగింది. అక్క అరవలేదు. “నేను అడిగింది నిన్ను గురించి” అంది. అప్పుడు నా పక్కనున్న ఆ పిల్ల, నన్ను చూడకుండానే, “నో ఎక్స్‌క్యూజ్, మేమ్” అంది. స్క్వాడ్ మొత్తం పుషప్స్ తీసింది. నా చేతుల నొప్పి మధ్యాహ్నానికి పోయింది. ఆ పిల్ల గొంతు మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. మధ్యాహ్నం ఫిజిక్స్ క్లాసు ఉండబట్టి సరిపోయింది. మైకెల్సన్ గుర్తున్నాడా, మన ఫిజిక్స్ సార్ చెప్పేవారు? ఆయన ఇక్కడి విద్యార్థే, 1873లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత ఇక్కడే పాఠాలు చెప్తూ 1879లో నది గోడ వెంట సుమారు 600 మీటర్ల దూరంలో అద్దాలు పెట్టి కాంతి వేగం కొలిచాడు. తిరిగే అద్దం ఒకటి, కదలని అద్దం ఒకటి. వెలుగు అవతలి అద్దానికి వెళ్ళి వెనక్కి వచ్చేలోపు తిరిగే అద్దం రవ్వంత పక్కకి జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే వేగం తెలిసిపోతుంది! సెకనుకి 299,910 కిలోమీటర్లు అని తేల్చాడు. ఇప్పుడు మనం చదివేది 299,792. అన్నేళ్ళ కిందట, అద్దాలతో! 1907లో నోబెల్ వచ్చింది. సైన్స్‌లో నోబెల్ తెచ్చుకున్న మొదటి అమెరికన్ ఆయనే. ఆ వెలుగు వెళ్ళిన దారి పొడుగునా నేలలో గుండ్రటి బిళ్ళలు పొదిగారు. ఒక్కో బిళ్ళ మీదా కాలు పెట్టి నడిచాను. నువ్వుంటే అక్కణ్ణుంచి కదిలేదానివి కాదు.

మెమోరియల్ హాల్ గురించి ఎక్కువ రాయలేను. ఇక్కడ చదివి యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు అక్కడున్నాయి. మా గుంపులో అప్పటిదాకా గలగలలాడినవాళ్ళంతా ఆ గుమ్మం దాటగానే ఊరుకున్నారు. అమ్మ భయం అక్కడ నిలబడ్డాకే నాకు అర్థమైంది. ఆ సాయంత్రం ఫోన్ చేసి అమ్మకి అదే చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత అన్నం తిన్నావా అని అడిగింది.

చివర్లో సీ ట్రయల్స్ అని పెట్టారు. మొదటి ఏడాది వాళ్ళు చేసే పెద్ద పరీక్షకి ఇది చిన్న నమూనా. తడిసిన బట్టలతో, ఆరుగురం కలిసి ఒక దుంగని భుజాల మీద మోశాం. నేను పొట్టి కాబట్టి దుంగ నా భుజానికి ఆనక ముందువాళ్ళ మీద బరువు పడుతోంది. నా ముందున్నది రూమ్మేటే. పొడుగు పిల్ల కదా, మోకాళ్ళు కాస్త వంచి నడిచింది, దుంగ నాకు అందాలని. దించమనే దాకా అలాగే వంగి నడిచింది. దింపాక థాంక్స్ చెప్తే, ఏమీ కానట్టు నా సీసా నాకందించింది. ఆ రాత్రి లేచి కూర్చుని, మూడో రోజు పొద్దున్న అన్న మాటకి క్షమాపణ అడిగాను. “సరేలే, పడుకో” అంది.

పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. నువ్వు గుర్తొచ్చావు.

ఎనిమిదో తరగతిలో ఆగస్టు 15 పరేడ్ రిహార్సల్ గుర్తుందా? నేను బెరే టోపీ మర్చిపోయి సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తాను. నువ్వు మలుపు దగ్గర సైకిల్ పట్టుకుని నాకోసం నిలబడ్డావు. గ్రౌండ్‌లో సార్ ఎందుకు ఆలస్యం అంటే, “బుజ్జి సైకిల్ చైన్ ఊడింది సార్” అన్నాను. చైన్ ఊడిన మాట నిజమే, రెండు నిమిషాల్లో వేసేశావు. సార్ నిన్ను నాలుగు రౌండ్లు పరిగెత్తమన్నారు, నన్ను వరసలోకి పొమ్మన్నారు. నువ్వు నోరెత్తలేదు. టోపీ మాట ఒక్కటి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. సాయంత్రం ఎప్పట్లాగే నన్ను వెనక ఎక్కించుకుని మా అమ్మమ్మ ఇంటి దగ్గర దింపావు. ఆ తర్వాత మనం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నువ్వు మర్చిపోయావనుకుని నేనూ మర్చిపోయాను. నువ్వు మర్చిపోలేదని ఇప్పుడనిపిస్తోంది.

చిన్నపిల్లననీ, సార్ అంటే భయమనీ రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. తప్పు నాదే, బుజ్జీ. నన్ను క్షమించు.

అకాడమీకి దరఖాస్తు పెడుతున్నాను. ఇక్కడి సెనేటరో, ప్రతినిధుల సభ సభ్యుడో మన పేరు నామినేట్ చెయ్యాలి, వాళ్ళకి వేరే ఉత్తరాలు రాయాలి. ఫిట్‌నెస్ పరీక్షలో మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ విసరాలి, అందులో నేను బాగా వెనకబడ్డాను. రోజూ పెరట్లో విసురుతున్నాను. వస్తుందో రాదో తెలియదు గానీ, మనసైతే అక్కడే ఉంది.

డిసెంబర్‌లో అమ్మమ్మ దగ్గరికి వస్తున్నాం. మన గ్రౌండ్ ఇంకా అలాగే ఉందా? ఉంటే ఒక పొద్దున్న నాతో రా. నువ్వు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టు, నేను పరిగెడతాను. నాలుగు.

నీ
చిట్టి