తిరుమల పాదయాత్రకు రోజువారీ దూరం ముందే తేల్చుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పెరటాసి నెల (సెప్టెంబరు-అక్టోబరు) దగ్గరపడేకొద్దీ చిత్తూరు, వేలూరు వైపుల నుంచి తిరుమలకు కాలినడకన బయలుదేరే బృందాల ప్రకటనలు మీ జిల్లా పేజీల్లో కనిపిస్తుంటాయి. బయలుదేరే తేదీ, భోజన వసతి, సామాన్లకు వాహనం ఉందన్న భరోసా అన్నీ వాటిలో ఉంటాయి గానీ, ఏ రోజు ఎంత దూరం నడవాలో, రాత్రికి ఎక్కడ ఆగాలో చాలావాటిలో ఉండదు. ఉద్యోగ జీవితమంతా సర్వే శాఖలో భూమి కొలిచే గొలుసు వెంట నడిచినవాణ్ని కాబట్టి, నాకు అన్నిటికంటే ముందు తెలియవలసింది అదేననిపిస్తుంది.

రెండేళ్ల కిందట మా వీధి నుంచి ఇరవై ముగ్గురం బయలుదేరాము. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు గనుక నిర్వాహకులు దాన్ని సగం చేసి రోజుకు 35 అన్నారు, మూడో రోజు తెల్లవారుజామున కొండ మెట్లు మొదలయ్యే అలిపిరి అన్నారు. మూటలన్నీ మినీ లారీలో వస్తాయి, చేతులూపుకుంటూ నడవడమే కదా అని మేమూ ఒప్పుకున్నాము. రెండో రోజు పదకొండు గంటలకు గాదంకి దాటి కొంత దూరం వచ్చేసరికి తారు సెగలు కక్కుతోంది. రోడ్డు వెడల్పు చేశాక అక్కడ నీడ కూడా తగ్గిపోయింది. దొరికిన ఒక్క చింతచెట్టు కింద మా పక్కింటి ఆమె కూర్చుని మేజోడు లాగబోతే రాలేదు. మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ చితికి, బట్ట దానికి అతుక్కుపోయింది. నీళ్లతో తడిపి, అంచు నుంచి కొద్దికొద్దిగా ఊడదీయవలసి వచ్చింది. ఆ నీళ్లు కూడా పక్క కొట్లో కొన్నవే, ఎందుకంటే నీళ్ల డబ్బాలు, మందుల పెట్టె ఉన్న మా వాహనం మధ్యాహ్నం వంట కోసం చంద్రగిరికి వెళ్లిపోయి ఉంది. చివరికి మెట్లెక్కినవాళ్లం తొమ్మిది మందిమి. మిగిలినవాళ్లు బస్సులో కొండెక్కి, మొక్కు తీరలేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

వాళ్లకు భక్తికి కొదవలేదు, ఓపికకూ కొదవలేదు. దూరాన్ని రోజులతో భాగించడంలోనే తప్పు జరిగింది. స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక సులువైన లెక్క చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట వేసుకోవాలి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. ఆ లెక్కన ఆరోగ్యవంతుడికి విశ్రాంతి లేకుండానే మూడు గంటలు పడుతుంది, అంటే చదును రోడ్డు మీద 15 కిలోమీటర్లు నడిచినంత పని. పైగా దారి మధ్యలోని గాలి గోపురం దాకా నిట్టనిలువు, ఇక అయిపోయిందనుకునే వేళకు మోకాళ్ల మిట్ట అనే మరో నిటారు ఎక్కుడు. ముందురోజు 35 కిలోమీటర్లు నడిచిన కాళ్లతో దాన్ని ఎక్కమనడం న్యాయం కాదు.

మా తమ్ముడి కొడుకు అమెరికాలోని వర్జీనియాలో ఉంటాడు. అక్కడి అపలేచియన్ ట్రైల్ జార్జియా నుంచి మెయిన్ వరకు 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అడవి కాలిబాట. దాన్ని ఒక్క ఊపులో నడిచేవాళ్లు కొద్దిమందే, ఉద్యోగాలున్నవాళ్లు సెలవుల్లో ఏటా ఒక ముక్క చొప్పున పూర్తి చేస్తారట. వాడూ అలాగే నడిచాడు. బరువంతా కారులో ఉంచి, వీపున నీళ్లు, చిరుతిండి మాత్రం పెట్టుకుని మొదటి మూడు రోజులు 12, 13 కిలోమీటర్లకు మించకుండా నడిచి, కాళ్లు అలవాటు పడ్డాకే 20కి పెంచాడు. వాడు చెప్పినదాంట్లో నాకు బాగా పనికివచ్చిన మాట ఏమిటంటే, వాహనం తోడున్న నడకలో రోజు ముగిసేది మనం కోరుకున్న చోట కాదు, కారు రాగలిగే రోడ్డు బాటను దాటే చోట. కాబట్టి ముందు ఆ చోట్లను పటంలో గుర్తుపెట్టుకుని, ఆ తరువాతే కిలోమీటర్లు పంచుకోవాలి.

నిరుడు మేము అలాగే చేశాము. మొదటి రోజు 18, తరువాత రెండు రోజులు ఇరవై చొప్పున, నాలుగో రోజు చంద్రగిరి వైపు నుంచి 12 మాత్రమే నడిచి, పొద్దున తొమ్మిదికల్లా తిరుపతి చేరి, ఆ పూటంతా కాళ్లు చాపుకుని పడుకున్నాము. కొండ ఐదో రోజు ఎక్కాము. రోజూ నాలుగింటికే బయలుదేరి పదిలోపు నడక ముగించాము. వాహనం నాలుగు కిలోమీటర్లకు ఒకసారి ఆగి, అందరికంటే వెనక వచ్చేవారు దాన్ని చేరాకే కదిలింది. మా వెనక వచ్చింది అరవై ఎనిమిదేళ్ల మా వదినగారు, గంటకు మూడున్నర కిలోమీటర్ల నడక. ఏ రోజు ఎంతన్నది ఆమె నడకను బట్టే నిర్ణయించాము. బయలుదేరిన పంతొమ్మిది మందిమీ మెట్ల దారిన కొండ చేరాము.

అలిపిరి దగ్గర మిగిలిన మూటలను దేవస్థానం వారి ఉచిత లగేజీ కౌంటరులో ఇస్తే పైన అందుతాయి గనుక అక్కడి నుంచి వాహనం కోసం ఆరాటపడనవసరం లేదు. అయితే 2023లో చిరుతపులి దాడి జరిగాక పిల్లలను ఏ వేళ వరకు ఆ దారిలో అనుమతించాలన్న దానిపై ఆంక్షలు పెట్టారు కాబట్టి, పిల్లలున్న బృందాలు అప్పటి నిబంధన కనుక్కుని, మెట్ల దారి ఉదయమే పట్టేలా ఆ రోజు లెక్క వేసుకోవాలి.

తమరిని కోరేది ఒక్కటే. పాదయాత్రల ప్రకటనలు వేసేటప్పుడు రోజువారీ దూరం, రాత్రి బస, వాహనం ఆగే చోట్లు కూడా నిర్వాహకులను అడిగి ప్రచురించండి. రెండు వరుసలు పెరుగుతాయేమో గానీ, ఇంట్లోని పెద్దవాళ్లు తాము రాగలరో లేదో ముందే తేల్చుకోగలుగుతారు. కిలోమీటరు రాళ్ల ప్రకారం నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉన్న చోట్లు రాసుకున్న మా నిరుటి నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఈ పెరటాసికి బయలుదేరే ఏ బృందం అడిగినా నకలు ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత సర్వేయరు, చిత్తూరు