రేచల్ రీవ్స్ గారూ, 12,570 దగ్గరే ఇంకెన్నాళ్లు?

గౌరవనీయులైన బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ గారికి,

నమస్కారం. 2025 నవంబర్ 26న మీరు పెట్టిన బడ్జెట్‌లోని ఒకే ఒక్క నిర్ణయం గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆదాయపు పన్ను పడని పరిమితిని 12,570 పౌండ్ల దగ్గరే 2031 ఏప్రిల్ దాకా పెంచకుండా ఫ్రీజ్ చేస్తున్నట్టు ప్రకటించారు. ఇరవై లక్షల పౌండ్లు దాటిన ఇళ్ల మీద అదనపు పన్ను గురించి, ఎలక్ట్రిక్ కార్లకు మైలుకు 3 పెన్నీల చొప్పున వేయబోయే పన్ను గురించి టీవీల్లో కావలసినంత చర్చ జరిగింది. ఫ్రీజ్ గురించి మామూలు జనం అంతగా మాట్లాడుకోలేదు. పన్ను రేటు మారలేదు కాబట్టి ఎవరికీ కనిపించదు. కానీ చిన్న జీతాలవాళ్ల జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెడుతున్నది ఇదే.

నేను ఇంగ్లండ్ మధ్యప్రాంతమైన మిడ్‌ల్యాండ్స్‌లో, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్ సిబ్బంది పేరోల్, అంటే జీతాల లెక్కలు చూసే ఉద్యోగిని. ఆంధ్ర, తెలంగాణ, కేరళ నుంచి వచ్చినవాళ్లూ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లూ కలిసి పనిచేస్తుంటారు. ఏటా ఏప్రిల్ జీతం పడగానే మన తెలుగు అమ్మాయిలు పేస్లిప్ ఫోన్‌లో తెరిచి చూపిస్తూ, "రేటు పెరిగిందన్నారు కదన్నా, మరి చేతికొచ్చింది ఇంతేనా?" అని అడుగుతారు. అందులో ట్యాక్స్ కోడ్ దగ్గర 1257ఎల్ అని ఉంటుంది, అంటే 12,570 దాకా పన్ను లేదని. 2021 ఏప్రిల్ నుంచీ అదే కోడ్. గంట రేటు మారింది, ఇంటి అద్దె మారింది, కౌన్సిల్ ట్యాక్స్ మారింది, కరెంటు బిల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కోడ్ మాత్రం కదల్లేదు.

లెక్క వేసి చూపిస్తాను. 2021 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 8.91 పౌండ్లు. వారానికి ముప్పై ఏడున్నర గంటల చొప్పున ఏడాదంతా చేస్తే సుమారు 17,375 పౌండ్లు వచ్చేవి, అందులో 12,570 పైబడిన దానిమీద 20 శాతం చొప్పున ఆదాయపు పన్ను 961. 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71. అవే గంటలు, అదే పని. ఏడాది జీతం 24,785 అవుతుంది, పన్ను 2,443. జీతం పెరిగింది 43 శాతం. పన్ను మాత్రం రెండున్నర రెట్లయింది.

అప్పట్లో కనీస వేతనం మీద పనిచేసే కేర్ హోమ్ అమ్మాయి ఏడాదికి 1,410 గంటల పని మీద పన్ను కట్టేది కాదు. ఇకమీదట 989 గంటలకే పరిమితి నిండిపోతుంది. పదకొండు వారాలకు పైగా చేసిన పని పన్ను కిందికి వచ్చి చేరింది. ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, రాత్రిళ్లు మేలుకుని చేసే పని అది.

మీకు ముందు ఆర్థిక మంత్రిగా ఉన్న జెరెమీ హంట్ గారు 2024లో, జీతంలోంచి పన్నుతో పాటు కోసే నేషనల్ ఇన్సూరెన్స్‌ను రెండు విడతల్లో 12 శాతం నుంచి 8 శాతానికి తగ్గించిన మాట నిజమే. దానివల్ల ఆమె జీతంలో ఇన్సూరెన్స్ కోత దాదాపు పాత స్థాయిలోనే ఉంది. లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. అయినా 2026 ఏప్రిల్‌లో గంట రేటుకు కలిసే 50 పెన్నీల్లో పన్నుకీ, ఇన్సూరెన్స్‌కీ కలిపి 14 పెన్నీలు పోతాయి. పెన్షన్ కోత దీనికి అదనం. పరిమితిని 2025 సెప్టెంబర్ ద్రవ్యోల్బణం 3.8 శాతం మేరకైనా పెంచి ఉంటే ఆమెకు ఏడాదికి ఆదాయపు పన్నులోనే 95 పౌండ్ల దాకా మిగిలేవి. ఆ ఇంట్లో అది రెండు వారాల కూరగాయలూ, బియ్యమూ.

ఈ ఫ్రీజ్ మీరు మొదలుపెట్టింది కాదు. 2021లో అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ గారు 2026 దాకా అన్నారు. 2022లో హంట్ గారు 2028 దాకా అన్నారు. నాకు బాధ కలిగింది ఎక్కడంటే, 2024 అక్టోబర్ బడ్జెట్‌లో మీరే లేచి, ఫ్రీజ్‌ను పొడిగిస్తే శ్రామికులకు నష్టమనీ, వాళ్ల పేస్లిప్పుల్లోంచి ఇంకా డబ్బు లాగేసినట్టవుతుందనీ సభలో చెప్పారు. ఆ మాట విని నేను చాలా సంతోషించాను. మా ఆఫీసులో నలుగురికీ చెప్పాను కూడా. ఏడాది తిరిగేసరికి మీరే మరో మూడేళ్లు పొడిగించారు.

మీ పార్టీ చరిత్రలోనే దీనికి జవాబుంది. 1977లో జెఫ్ రూకర్, ఆడ్రీ వైజ్ అనే ఇద్దరు లేబర్ ఎంపీలు, అధికారంలో ఉన్న సొంత ప్రభుత్వాన్నే ఎదిరించి, ధరలతో పాటు పన్ను మినహాయింపూ పెరగాలని చట్టానికి సవరణ తెచ్చి నెగ్గారు. రూకర్‌ది బర్మింగ్‌హామ్ సీటు, వైజ్‌ది కోవెంట్రీ, రెండూ మా మిడ్‌ల్యాండ్స్‌లోవే. చెమటోడ్చే కార్మికుడిని ద్రవ్యోల్బణం దొడ్డిదారిన పన్నులోకి ఈడ్వకూడదన్నది వాళ్ల పట్టుదల. మా ప్రాంతపు ప్రతినిధులు గెలిచి తెచ్చిన ఆ రక్షణను పదేళ్ల పాటు పక్కన పెట్టడం లేబర్ ప్రభుత్వానికి తగదు.

డబ్బు అవసరమే, కాదనను. ప్రభుత్వ సాయం ఇంటికి మొదటి ఇద్దరు పిల్లలకే అన్న పరిమితిని ఎత్తేస్తున్నందుకు మీకు చేతులెత్తి దండం పెడతాను. వీసా మీద ఉన్న మావాళ్లకు ఆ సాయం అందదు. పన్ను కట్టాలి గానీ పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయపు డబ్బు ముట్టుకోకూడదన్నది వీసా షరతు. అయినా ఏ పిల్లవాడూ పస్తుండకూడదు.

కానీ ఆ భారం ఎవరి మీద పడుతోందో చూడండి. ఈ పొడిగింపు వల్ల 2029-30 నాటికి కొత్తగా 7,80,000 మంది 20 శాతం పన్నులోకి, 9,20,000 మంది 40 శాతం పన్నులోకి వస్తారని బడ్జెట్ బాధ్యతల కార్యాలయం ఓబీఆర్ అంచనా వేసింది. 50,270 దాటి 40 శాతంలోకి వెళ్లే ఐటీ ఉద్యోగుల్లో మన తెలుగువాళ్లూ చాలామంది ఉంటారు. వాళ్లకూ కష్టమే, కానీ తట్టుకోగలరు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు తట్టుకోలేరు.

పెన్షనర్ల విషయంలో మీకిది అర్థమైంది. 2026 ఏప్రిల్ నుంచి పూర్తి స్టేట్ పెన్షన్ వారానికి 241.30 పౌండ్లు, అంటే ఏడాదికి 12,548. పరిమితికి 22 పౌండ్ల దూరం. ఆ పైఏడు అది దాటిపోతుందని గ్రహించి, ఆ పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు పన్ను కట్టక్కర్లేకుండా చూస్తామన్నారు. మంచి పని. ఆ పెద్దవాళ్లకు సేవ చేసే మనిషికి కూడా ఆ దయ దక్కాలి.

నా విన్నపం చిన్నది. 50,270 పరిమితిని తప్పదనుకుంటే అక్కడే ఆపి ఉంచండి. 12,570ని మాత్రం 2028 ఏప్రిల్‌లో వదిలేసి, రూకర్, వైజ్ కోరినట్టు ఏటా ధరలతో పాటు పెరగనివ్వండి. అందుకు ఇంకా సమయముంది, రెండు బడ్జెట్లున్నాయి. కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ నివసిస్తున్న భారతీయులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఆ సంగతి తెలియని తెలుగువాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. పేరు నమోదు చేయించుకోమని మా దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, మీ జవాబు వస్తే అదీ వాళ్లకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మిడ్‌ల్యాండ్స్ నుంచి ఒక తెలుగు పేరోల్ ఉద్యోగి