ముంపును ఓర్చే వరి మా మళ్లకు చేరాలి

సంపాదకులకు,

వంశధార పొంగితే కాశీనగర్ పల్లపు మళ్లలో ఊడ్చిన వరి వారం పది రోజులు నీటిలోనే ఉండిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని మారుటేరులో పుట్టిన స్వర్ణ రకం నీటిపైకి రావాలని ఆకులు సాగదీసి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుచేసుకుని, నీరు తీశాక పాలిపోయి బురద మీద వాలిపోతుంది. ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపికచేసిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకంలోని సబ్1 జన్యువును సంకరణం ద్వారా అదే స్వర్ణకు చేర్చి, 2009లో విడుదల చేసిన స్వర్ణ సబ్1 మాత్రం ఎదుగుదలను ఆపుకుని, సుమారు రెండు వారాలు ముంపును తట్టుకుని, మళ్లీ చిగురిస్తుంది. రెండు రాష్ట్రాల వరి రకాలు కలిసిన ఈ విత్తనం నాకెంతో గర్వకారణం. నిరుడు మాత్రం నారు పోసిన తరువాతే అది మాకు అందింది. అధికారులు జ్యేష్ఠంలోనే విత్తనాన్ని పంపి, దాని గుణాలను మా తెలుగు రైతులకు తెలుగులోనే వివరించాలని కోరుతున్నాను.

— ఒక వరి రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా