ప్యాకింగ్ మెషిన్ కొనే ముందు ఒక మాట

అందరికీ నమస్కారం. ఇటలీ ప్యాకింగ్ మెషిన్లకు అంత ధర ఎందుకని నిన్న ఇద్దరు అడిగారు.

ఇటలీలోని బొలోన్యా నగరం చుట్టుపక్కల ప్రాంతాన్ని 'ప్యాకేజింగ్ వ్యాలీ' అంటారు. ప్యాకింగ్ మెషిన్లు చేసే ఆక్మా కంపెనీ 1924లో అక్కడే మొదలైంది. 1923లో పుట్టిన జీడీ కంపెనీ మొదట మోటార్‌సైకిళ్లు చేసేది, తర్వాత ప్యాకింగ్ మెషిన్లలోకి వచ్చింది. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అసలు బలం అదే అని నా నమ్మకం. సరుకుకు తగ్గట్టు మెషిన్‌ను మార్చి ఇవ్వగలిగేది అందుకే.

1961లో మొదలైన ఐఎంఎ కంపెనీ టీ బ్యాగ్ మెషిన్లకు పేరు పొందింది. స్టేపుల్ పిన్ లేకుండా దారాన్ని ముడి వేసే మెషిన్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. తినే, తాగే వస్తువు దగ్గర ఇనుప పిన్ లేకపోవడం ఎంత నిశ్చింతో ఆలోచించండి!

ధర మాత్రం ఎక్కువే. రోజుకు నాలుగైదు వందల ప్యాకెట్లు చేసేవాళ్లకు ఇంత మెషిన్ అక్కర్లేదు. కొనాలనుకునేవాళ్లు ప్యాకెట్ సైజు మార్చడానికి ఎంతసేపు పడుతుందో, శుభ్రం చేయడానికి ఏయే భాగాలు ఊడదీయొచ్చో, స్పేర్ పార్టులు ఎన్ని రోజుల్లో వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. డెమో అడిగితే మీ సరుకే పంపండి, కారప్పొడి ప్రవర్తన వేరు, పంచదార ప్రవర్తన వేరు.