మూడూ ఒకేసారి వద్దురా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

పైథాన్, సీ, జావా, ఈ మూడు ప్రోగ్రామింగ్ భాషలూ ఒకేసారి మొదలుపెట్టేశానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నాకు అదే ఆలోచన. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటున్నా బుర్రలో అదే తిరుగుతోంది, అందుకే ఎంవీపీ కాలనీలో రూముకి రాగానే రాయడానికి కూర్చున్నా. మానేయమని కాదు. పోయినేడాది నేనూ ఇదే పని చేసి ఆర్నెల్లు పోగొట్టుకున్నాను, నీకు అలా కాకూడదు.

సింటాక్స్, అంటే కోడ్ రాసే నియమాలు, కలగాపులగం అయిపోతుందని అందరూ భయపెడతారు. అది పెద్ద బాధ కాదురా. సీలో సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ (మన కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది) వెంటనే చెప్పేస్తుంది, దిద్దుకుంటాం, అయిపోయింది. అసలు బాధంతా అచ్చం ఒకేలా కనిపించి వేరేగా పనిచేసేవాటితోనే.

కరెంటు బిల్లుల కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాను, నెల ఇస్తే దాని ముందు నెల పేరు చూపించాలి. జనవరి 0, డిసెంబరు 11. నెల నంబరులోంచి 1 తీసేసి, 12తో భాగించి శేషం తీసుకోవడమే. జనవరికి మైనస్ 1 వస్తుంది, పైథాన్‌లో దాని శేషం 11, అంటే డిసెంబరు, చక్కగా వచ్చింది. అదే లైను సీలో రాస్తే శేషం కూడా మైనస్ 1! ఆ శేషంతోనే నెల పేర్ల వరసలోంచి పేరు తీస్తాం కదా, పైథాన్ లిస్టుకి మైనస్ 1 ఇస్తే చివరి పేరు ఇచ్చేస్తుంది, సీలో మాత్రం ఆ వరస (దాన్ని అక్కడ array అంటారు) హద్దు దాటి ముందున్న మెమరీలోకి పోతుంది, పోయానని చెప్పదు కూడా. నెల పేరు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి అక్షరాలు. రెండు రాత్రులు బాగున్న లాజిక్‌నే తిరగరాస్తూ కూర్చున్నాను. జావాలోనూ శేషం మైనస్ 1 వస్తుంది కానీ, హద్దు దాటావని అక్కడికక్కడే ఆపేస్తుంది. చివరికి 1 తీసే బదులు 11 కలిపితే మూడింట్లోనూ సరిగ్గా వచ్చింది.

వేటి కారణాలు వాటికున్నాయిలే. సీని 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేశాడు, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంనే అందులో తిరగరాశారు, ప్రతిసారీ హద్దులు చూసుకుంటూ ఆగే భాష కాదది. ఒకదాని స్వభావం వంటబట్టకముందే ఇంకోటి పట్టుకుంటే, ఏ అలవాటు దేనిదో తెలియక మనకి టెన్షన్.

అందుకే ముందు పైథాన్ ఒక్కటే పట్టుకో, మూడు నెలలు. లిస్టులు, ఫంక్షన్లు, ఫైళ్లు, ఏదీ చూడకుండా రాయగలిగాక సీలోకి వెళ్లు, అప్పుడు కూడా కొత్తవి కాదు, పైథాన్‌లో రాసినవే మళ్లీ రాయి. నేనిప్పుడు నోట్‌బుక్‌లో ఎడమ పేజీ పైథాన్‌కి, కుడి పేజీ సీకి పెట్టుకుని, తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీస్తున్నాను. జావా ఆ తర్వాత. డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ కావాలంటే ఇప్పుడే పక్కన నేర్చుకో, దాని పోలికే వేరు, కలిసిపోదు.

దసరాకి వస్తావుగా, నోట్‌బుక్ ఇస్తా. ఈలోపు ఆ నెలల ప్రోగ్రాం పైథాన్‌లో రాసి, జనవరి ఇచ్చి, ఏమొచ్చిందో ఫోటో తీసి పంపు. అత్తని అడిగానని చెప్పు.

నీ
మావ